మూన్నాళ్ల ముచ్చట కాని సంతోషం ఎలా దొరుకుతుంది?

పోయినసారి కొత్త ఫోన్ కొన్నప్పుడు మొదటి వారం దాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నానో చెప్తే నవ్వుతారు. టేబుల్ మీద పెట్టాలంటే ముందు అరచేత్తో టేబుల్ తుడిచి, కర్చీఫ్ పరిచి, దాని మీద మెల్లగా దించేవాణ్ని. వేలిముద్ర పడితే చొక్కా అంచుతో తుడవడం, ఎవరైనా ‘ఏదీ, ఓసారి చూపించు’ అంటే చేతికిచ్చి వాళ్ల వేళ్ల వైపే చూస్తూ కూర్చోవడం. నెలన్నర తిరిగేసరికి అదే ఫోన్‌ని గుమ్మంలో నిలబడి మంచం మీదకి గిరాటేస్తున్నా. ఫోన్ మారలేదు. కెమెరా అదే, స్క్రీన్ అదే. నాకే అలవాటైపోయింది.

సంతోషం గురించి ఏళ్ల తరబడి చదివీ, నా మీద నేనే ప్రయోగాలు చేసుకునీ చివరికి ఈ ఒక్క సంగతి దగ్గరే ఆగాను. మనసు అలవాటు పడిపోతుంది, కానీ అన్నింటికీ ఒకే వేగంతో పడదు. కొన్నింటికి వారం చాలు, కొన్నింటికి ఏడాది పడుతుంది, కొన్నింటికి ఎన్నేళ్లయినా అలవాటు పడదు. ఏది ఏ కోవలోకి వస్తుందో కనిపెట్టి మన డబ్బూ టైమూ ఓపికా అటు మళ్లించడం ఎలాగన్నదే ఇక్కడ చెప్పబోతున్నా. ‘పాజిటివ్‌గా ఆలోచించండి’, ‘పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వండి’ లాంటివి ఇందులో ఉండవు. అవి నాకు ఒక్కసారి కూడా పనిచేయలేదు.

ముందు ఏం వెతుకుతున్నారో తేల్చుకోండి

‘సంతోషంగా ఉన్నావా?’ అన్న మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. నిన్నటి రోజు ఎలా గడిచింది, నవ్వావా, చిరాకు పడ్డావా, టెన్షన్ పడ్డావా అన్నది ఒకటి. మొత్తమ్మీద నీ బతుకు నీకు నచ్చిందా అన్నది రెండోది. మొదటిదాన్ని సంతోషం అనుకుందాం, రెండోదాన్ని తృప్తి. ఇవి కలిసే ఉండాలనేం లేదు. నెలల పిల్లతో వేగుతున్న తల్లిని ఏ సాయంత్రమో పలకరించండి, నిద్ర లేదు, తిండి లేదు, కళ్లు పీక్కుపోయాయి, రోజు మాత్రం ఘోరంగా గడిచింది. కానీ ఈ పిల్ల లేకుండా ఉంటే బాగుండేదా అని అడిగితే మీ మొహం కూడా చూడదు. ఇటు చూస్తే రోజంతా రీల్స్ చూసి పకపకా నవ్వినవాడు పక్క మీద వాలగానే ‘ఇవాళ నేను చేసిందేంటి?’ అని నీరుగారిపోతాడు.

ప్రపంచ సంతోష నివేదిక అని 2012 నుంచి వస్తోంది కదా, అందులో 2018 నుంచి 2025 దాకా వరసగా ఫిన్లాండే మొదటి స్థానం. అది విని ఫిన్లాండ్‌లో జనం పొద్దస్తమానం నవ్వుతూ తిరుగుతారని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ ర్యాంకు ఇచ్చేది ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబుల మీద. 0 నుంచి 10 దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోండి, పైన మీరు బతకగలిగిన అతి మంచి జీవితం, కింద అతి చెడ్డది, మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు? అంటే అడుగుతున్నది తృప్తి గురించి. మీరు కూడా ఓ కాగితం మీద ఆ నిచ్చెన గీసుకుని మీ మెట్టు వేసుకోండి, పక్కనే ‘నిన్నటి రోజుకి ఎన్ని మార్కులు’ అని విడిగా రాసుకోండి. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువుంటే పని ఎటు మొదలుపెట్టాలో అదే చెప్తుంది. నిచ్చెన మీద 8, నిన్నటికి 3 అయితే జీవితాన్ని తిరగరాయక్కర్లేదు, రోజువారీ చిరాకులు తీసేసుకుంటే చాలు. నిచ్చెన మీద 3, రోజుకి 7 అయితే కొంచెం కూర్చుని ఆలోచించాల్సిన వ్యవహారమే.

డబ్బు సంగతి

దీన్ని దాటేసి వెళ్లే వ్యాసాలంటే నాకు ఒళ్లు మంట. డబ్బుతో సంతోషం రాదు అని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి ఈ నెల అద్దె ఎలా కట్టాలన్న బెంగ ఉండదు.

వాళ్లు చూపించే సాక్ష్యం 1978 నాటిది. అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే ఆయన మరో ఇద్దరితో కలిసి లాటరీ తగిలిన 22 మందినీ, ప్రమాదంలో శరీరం చచ్చుబడిన 29 మందినీ, మామూలు జనం 22 మందినీ పోల్చి చూశాడు. లాటరీ తగిలినవాళ్లు మామూలు జనం కంటే పెద్ద సంతోషంగా ఏమీ లేరు, పైగా కబుర్లు చెప్పుకోవడం లాంటి చిన్న చిన్న పనుల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. ప్రమాదానికి గురైనవాళ్లు దిగులుగానే ఉన్నారు కానీ మనం భయపడినంతగా కాదు. బాగుంది, అయితే అడిగింది ఇరవై పాతికమందిని. 2020లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధనలో వేలమందిని ఏళ్ల తర్వాత పలకరించారు. పెద్ద మొత్తం గెలిచినవాళ్ల తృప్తి పదేళ్లు దాటినా ఎక్కువగానే ఉంది, రోజువారీ హుషారులో మాత్రం తేడా బాగా తక్కువ. చూశారా, మళ్లీ అవే రెండు ప్రశ్నలు.

ఇంకో గొడవ కూడా ఉంది. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఏడాదికి 75,000 డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగిపోతుందన్నారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే ఇంకో పరిశోధకుడు ‘కాదు, పెరుగుతూనే ఉంటుంది’ అన్నాడు. కొట్టుకోకుండా కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలు మళ్లీ వేసి 2023లో తేల్చింది ఏంటంటే, ఎక్కువమందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే పోతుంది, కానీ అందరికన్నా దిగులుగా ఉన్న ఐదో వంతు మందికి మాత్రం సుమారు 100,000 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. నాకు ఇందులో నచ్చింది ఇదే. డబ్బు తీర్చగల కష్టాలు డబ్బుతో తీరతాయి, విరిగిన మనసు, పోయిన మనిషి లాంటివి ఎంత సంపాదించినా తీరవు.

కాబట్టి డబ్బు ఉంటే దాన్ని ఎటు ఖర్చు పెట్టాలన్నది అసలు విషయం. నా వరస ఇది: ముందు అప్పు, తర్వాత కొన్ని నెలలు ఉద్యోగం లేకపోయినా గడిచేంత పొదుపు, ఆ తర్వాత టైమ్. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. మీకు ఒళ్లుమండే పనిని డబ్బిచ్చి ఇంకొకరితో చేయించుకోవడం విలాసం కాదు. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో, ఇచ్చిన డబ్బుతో వస్తువు కొనుక్కున్న రోజు కన్నా తమ టైమ్ మిగుల్చుకున్న రోజే జనం హాయిగా ఉన్నారు. వస్తువులు నాలుగో స్థానంలో. వద్దని కాదు, నాలుగో స్థానంలో.

ఒక వారం లెక్క రాయండి

ఇది మాత్రం తప్పకుండా చేయమంటాను, ఎందుకంటే మనల్ని ఏది సంతోషపెడుతుందో మనకు తెలుసు అనుకుంటాం కానీ నిజంగా తెలియదు. ఫోన్‌లో రోజుకి నాలుగు అలారాలు పెట్టుకోండి, ఒక్కో రోజు ఒక్కో టైముకి. మోగినప్పుడు మూడే ముక్కలు: ఏం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు, మనసు ఎలా ఉంది, 5కి ఎంత. వివరణలు రాయొద్దు.

నా నోట్‌బుక్కులో ఓ పేజీ చెప్తా. ‘మంగళవారం 11:20, మీటింగ్, నేను మాట్లాడట్లేదు, 2.’ ‘మధ్యాహ్నం 3:05, ఫోన్, ఒక్కణ్నే, ఏం చూస్తున్నానో గుర్తు లేదు, 2.’ ‘సాయంత్రం 6:40, ఆరేసిన బట్టలు తీస్తున్నా, అమ్మ మడతపెడుతూ ఎవరి పెళ్లి కబురో చెప్తోంది, 4.’ ‘రాత్రి 9:30, ఎదురుచూసిన సిరీస్, 3.’ వారం పేజీలు ముందేసుకుని చూస్తే నాకు సిగ్గేసింది. వారమంతా కలలు కనే సిరీస్‌కి 3, ఏమాత్రం లెక్కలోకి తీసుకోని బట్టల మడతకి 4. బట్టలు తీయడం గొప్ప పనని కాదు. పక్కన మనిషి ఉంది, చేతికి పని ఉంది, తొందర లేదు. ఈ మూడూ కలిసిన చోటల్లా నాకు 4 పడింది.

అలారం వేళకు మనసు చేస్తున్న పని మీదే ఉందా, ఎక్కడికో పోయిందా అని కూడా గుర్తు పెట్టుకుంటే ఇంకా మంచిది. 2010లో కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఇలాగే ఫోన్ యాప్‌తో 2,250 మందిని రోజులో ఎప్పుడో ఒకప్పుడు ఉన్నట్టుండి అడిగితే, దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు వాళ్ల సంతోషం కూడా తక్కువే, పని ఎంత బోరు కొట్టేదైనా సరే. ధ్యానం చేయగలిగితే చేయండి, నా వల్ల కాలేదు. నేను చేసేదల్లా ఒక పని చేసేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టడం.

తీయాల్సిన ముళ్లు

కొత్తగా ఏం తెచ్చుకుందామా అని చూసే ముందు గుచ్చుకుంటున్నది తీసేయండి. మంచి వాటికి తొందరగా అలవాటు పడే మనసు కొన్ని చెడ్డ వాటికి ఎంతకీ అలవాటు పడదు, అదే మన ఖర్మ. ఆగి ఆగి వచ్చే చప్పుడు, రోజూ ట్రాఫిక్‌లో పోయే రెండు గంటలు, ఇంట్లో తెగని గొడవ, ఎప్పుడు ఏమవుతుందో తెలియని ఉద్యోగం. 2004లో అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగం చేసే 909 మంది ఆడవాళ్లను ముందురోజు గంట గంటకీ ఎలా అనిపించిందో రాయమంటే, అట్టడుగున తేలింది ఆఫీసుకి వెళ్లే ప్రయాణం. ఇల్లు మారేటప్పుడు మనం చూసేది గదులెన్ని, హాలెంత అని. హాలుకి మూడు నెలల్లో అలవాటు పడిపోతాం, దారికి పడం. ఒక గది తక్కువైనా సరే, దగ్గరున్న ఇల్లు తీసుకోండి అంటాను నేను.

చిన్న ముల్లు ఒకటి చెప్తా. నా పడగ్గది తలుపు కింద అంచు నేలకి పట్టేసేది. రాత్రి వేయాలంటే భుజంతో ఒక్క తోపు తోయాలి, కిర్రుమంటూ సగంలో ఆగుతుంది, మళ్లీ ఎత్తి తోయాలి, అప్పటికి ఇంట్లో ఎవరో ఒకరు లేస్తారు. ఇలా మూడేళ్లు. ప్రతి రాత్రీ ‘రేపు చూద్దాం’. చివరికి ఓ వడ్రంగి వచ్చి మడత బందులు ఊడదీసి, తలుపు అడ్డంగా పడుకోబెట్టి, కింద అంచుకి చిత్రిక పట్టాడు. చెక్క పొట్టు ఇంత కుప్ప పడింది. మళ్లీ బిగించి ఒక్క వేలితో తోస్తే తలుపు చప్పుడు లేకుండా వెళ్లి మూసుకుంది. నలభై నిమిషాల పని. ‘ఇన్నాళ్లూ ఇలాగే తోస్తున్నారా సార్?’ అని నవ్వాడు, నేనేం చెప్పను. ఇది జరిగి ఏడాది దాటింది, ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆ తలుపు వేస్తుంటే హాయిగా ఉంటుంది, ఫోన్ ఇచ్చిన హాయికన్నా ఇదే ఎక్కువ కాలం వచ్చింది.

మీ ఇంట్లో, ఆఫీసులో ‘రేపు చూద్దాం’ అంటూ రోజూ తోస్తున్న తలుపులు రాసుకోండి. ఈ నెల ఒక్కటి, వచ్చే నెల ఇంకొకటి. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఒక్కటీ అవ్వదు.

ఉన్నదానికి మనసు మొద్దుబారకుండా

ముళ్లు తీశాక ఉన్న మంచిని ఎక్కువ రోజులు నిలబెట్టుకోవడం. దీనికి మంచి ఉపాయం మధ్యలో ఆపడం. వినడానికి వింతగా ఉంటుంది, హాయిగా ఉన్నప్పుడు ఆపడమేంటని. కానీ మసాజ్ మధ్యలో కొన్ని సెకన్లు ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆపకుండా చేయించుకున్నవాళ్లకన్నా ఎక్కువ హాయిగా ఉందని చెప్పారట జనం, 2008 నాటి ప్రయోగం అది. 2013లో ఇంకో ప్రయోగంలో వారం పాటు చాక్లెట్ మానేసినవాళ్లకు ఆ తర్వాత తిన్న ముక్క మిగతావాళ్లకన్నా బాగా రుచించింది. అందుకే మీకు ఇష్టమైనదాన్ని రోజూ చేయకండి. సిరీస్ అయితే ఒక్క ఎపిసోడ్ చూసి ఆపేయండి, ఒకే రాత్రి ఎనిమిది చూస్తే ఐదోదాని నుంచీ సంతోషం ఉండదు, తెల్లారిందన్న భయమే. నచ్చిన పాట రోజంతా లూప్‌లో వేస్తే వారంలో చచ్చిపోతుంది, ఈ నేరం నేను ఎన్ని పాటలకు చేశానో.

రెండో ఉపాయం కొంచెం గుండె పట్టుకునేలా ఉంటుంది. ఉన్నదాన్ని లేనట్టు ఊహించుకోవడం. 2008 నాటి ఇంకో ప్రయోగంలో, పెళ్లయి కలిసి ఉంటున్నవాళ్లలో కొందరిని ‘మీరిద్దరూ ఎలా కలిశారు’ అని రాయమని, ఇంకొందరిని ‘అసలు కలవకుండానే పోయి ఉంటే ఎలా ఉండేది’ అని రాయమన్నారు. రెండో గుంపుకే తమ బంధం మీద ఇష్టం ఎక్కువైంది. ‘నాకు ఇది ఉంది’ అని లెక్కపెట్టుకోవడం కన్నా ‘ఇది తప్పిపోయేదే’ అనుకోవడం గట్టిగా తగులుతుంది. ఆ రోజు బస్సు తప్పి ఉంటే, ఆ ఫోన్ ఎత్తకపోయి ఉంటే, ఇవాళ పక్కన ఉన్న మనిషి ఎవరో కూడా తెలియకపోయేది. నెలకోసారి ఓ పావుగంట చాలు, రోజూ చేస్తే దీనికీ అలవాటు పడిపోతాం. కృతజ్ఞతలు రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకీ ఇదే మాట, ఒక ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకు ఫలితం కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు లేదు.

మనుషులు

వీళ్లకు మాత్రం మనసు అంత తొందరగా అలవాటు పడదు. ఎందుకంటే మనిషి రోజూ ఒకేలా ఉండడు, ఫోన్ ఉంటుంది.

హార్వర్డ్‌లో 1938లో మొదలైన ఒక పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది. అందులో 268 మంది హార్వర్డ్ విద్యార్థులు, విడిగా బోస్టన్ పేదవాడల నుంచి తీసుకున్న 456 మంది కుర్రాళ్లు, అంతా కలిపి 724 మంది. వాళ్ల ఉద్యోగాలు, పెళ్లిళ్లు, జబ్బులు, చావులు అన్నీ దశాబ్దాల పాటు రాసుకుంటూ వచ్చారు. ఇప్పుడు దాన్ని నడిపిస్తున్న రాబర్ట్ వాల్డింగర్ నాలుగో డైరెక్టర్. యాభై ఏళ్ల వయసులో వాళ్ల కొలెస్ట్రాల్ చూసి ఎనభైలో ఎవరు ఆరోగ్యంగా ఉంటారో చెప్పలేకపోయారు కానీ, తమ బంధాలతో ఎంత తృప్తిగా ఉన్నారో చూసి చెప్పగలిగారు. 2010లో 148 అధ్యయనాలు, మూడు లక్షల పైచిలుకు మంది వివరాలు కలిపి చూసినప్పుడు కూడా, మంచి సంబంధాలున్నవాళ్లు ఆ అధ్యయనాలు జరిగిన కాలమంతా బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని తేలింది.

సరే, చేయాల్సిందేంటి? ‘ఖాళీ ఉన్నప్పుడు కలుద్దాం’ అన్న మాట మానేయండి. ఖాళీ ఎప్పుడూ ఉండదు. నాకో స్నేహితుడున్నాడు, చదువుకునే రోజుల నుంచీ. ఏడాదికోసారి పుట్టినరోజుకి మెసేజ్ పెట్టుకునే స్థాయికి వచ్చేశాం. ఒకరోజు ఉండబట్టలేక ఫోన్ చేశా.

‘ఏరా, ఎవరు పోయారు?’ అన్నాడు ఎత్తగానే.

‘ఎవరూ పోలేదు. ఊరికే చేశా.’

‘ఊరికేనా? డబ్బులేమైనా కావాలా?’

‘ఒద్దురా బాబూ.’

కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత మెల్లగా ‘మా నాన్నకి బాగోట్లేదురా’ అని మొదలుపెట్టి యాభై నిమిషాలు మాట్లాడాడు. ఆ రోజే అనుకున్నాం, ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు, ఎవరికి గుర్తుంటే వాళ్లు చేయాలి. చెప్పుకోవడానికి ఏమీ లేని ఆదివారాలే ఎక్కువ, అప్పుడు నాలుగు నిమిషాల్లో పెట్టేస్తాం, ఫర్వాలేదు. నోట్‌బుక్కులో ఆ నాలుగు నిమిషాలకి కూడా 4 తగ్గలేదు. మీరూ ఒక్క పేరు అనుకోండి, రోజు అనుకోండి, టైమ్ అనుకోండి.

దగ్గరివాళ్లే కానక్కర్లేదు. షికాగోలో రైలెక్కేవాళ్లను పక్కసీటు వాళ్లతో మాట కలపమని చెప్పి చేసిన ప్రయోగం 2014లో వచ్చింది. ఇబ్బందిగా ఉంటుందని ముందే ఊహించుకున్నారు జనం, తీరా మాట్లాడినవాళ్ల ప్రయాణమే మౌనంగా కూర్చున్నవాళ్లకన్నా బాగా గడిచింది. మొహమాటం ఉన్నవాళ్లు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు, ఎదుటివాళ్లు విసుక్కుంటే వదిలేయొచ్చు, పోయేదేం లేదు.

ఇంకొకరి కోసం ఖర్చు పెట్టడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. 2008లో వాంకూవర్‌లో కొందరికి పొద్దున్నే 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి సాయంత్రం అయిదులోపు ఖర్చు పెట్టమన్నారు, సగం మందిని తమ కోసం, సగం మందిని వేరేవాళ్ల కోసం. వేరేవాళ్లకు పెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు, 5 అయినా 20 అయినా తేడా రాలేదు. చిన్న మొత్తం చాలు, ఆలోచించకుండా ఇవ్వాలి.

పోలిక అనే రోగం

దూరపు కొండలు నునుపు అని తెలిసి కూడా రోజూ ఆ కొండల ఫొటోలే చూస్తూ కూర్చుంటున్నాం. పోలిక ఎంత విచిత్రమైందో చూడండి: 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు చూపించి ఆటగాళ్ల మొహాల్లో సంతోషానికి మార్కులు వేయమంటే, వెండి పతకం వచ్చినవాళ్లకన్నా కంచు వచ్చినవాళ్లకే ఎక్కువ పడ్డాయి. వెండివాడు పైకి చూసి ‘అయ్యో, బంగారం పోయింది’ అనుకుంటున్నాడు, కంచువాడు కిందకి చూసి ‘అమ్మయ్య, అసలు పతకం లేకుండా పోయేది’ అనుకుంటున్నాడు.

‘పోల్చుకోకు’ అని మనసుకి చెప్తే వినదు, నేను చాలాసార్లు చెప్పి చూశా. మేత తగ్గించాలి. 2018లో అమెరికా ఎన్నికల ముందు కొందరికి డబ్బులిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించారు, వాళ్ల మనసు కొంచెం తేలికైంది. కొంచెమే, అద్భుతాలేం జరగలేదు, ఆ మాట కూడా చెప్పాలి. మొత్తం మానేయలేకపోతే ఎవరి పోస్ట్ చూసినప్పుడు మీకు కడుపులో ఎక్కడో మెలిపెడుతుందో ఆ ముగ్గురు నలుగుర్ని మ్యూట్ చేయండి. వాళ్లకి తెలియదు, మీకు ప్రాణం లేచొస్తుంది.

తేల్చేసిన పని తేల్చేసినట్టు ఉండాలి

పెద్దగా ఎవరూ చెప్పని విషయం ఇది. ఇందాక ఫోన్ యాప్ పరిశోధనలో చెప్పిన గిల్బర్ట్ ఇంకొకరితో కలిసి 2002లో రాసిన ప్రయోగంలో ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులు తమ ఫొటోల్లో రెండు మంచివి తీసి, ఒకటి తమ దగ్గర ఉంచుకుని ఇంకోటి ఇచ్చేయాలి. కొందరికి ‘కావాలంటే కొద్దిరోజుల్లో మార్చుకోవచ్చు’ అన్నారు, కొందరికి ‘ఇదే ఫైనల్’ అన్నారు. మార్చుకునే వీలు లేనివాళ్లకే తమ ఫొటో ఎక్కువ నచ్చింది. తమాషా ఏంటంటే, ముందే ఏది కావాలో ఎంచుకోమంటే ఎక్కువమంది మార్చుకునే వీలున్నదే కావాలన్నారు. మనం రోజూ చేసేది ఇదే. అన్నింటికీ రిటర్న్ ఆప్షన్ ఉంచుకుంటాం, ఏదీ నచ్చదు.

కొన్నాక బిల్లు దాచి, అట్టపెట్టె చించేయండి. ఆ వస్తువు గురించి ఇంకో రివ్యూ చదవకండి. ఉద్యోగం మారారా, ఆరు నెలలు పాత కంపెనీ వార్తలు వెతక్కండి. హెర్బర్ట్ సైమన్ అనే ఆయన 1956లోనే రాశాడు, మనిషి అన్నీ వెతికి అత్యుత్తమమైనదే తెచ్చుకోలేడు, తనకు కావాల్సినంత ఉంటే అక్కడితో ఆగుతాడని. వెతకడం మొదలుపెట్టకముందే ‘ఈ మూడూ ఉంటే తీసేసుకుంటా’ అని రాసుకుని, దొరకగానే ఆగిపోవడం నేర్చుకోండి. అయితే ఇది అన్నింటికీ వర్తించదు. చేయి చేసుకునే మనిషితో, ప్రాణం తోడేసే ఉద్యోగంతో ‘ఫైనల్’ అని సర్దుకుపోవడాన్ని తృప్తి అనరు. అక్కడ తలుపు తెరిచే ఉండాలి, వెళ్లిపోవాలి.

ఇవేవీ పనిచేయనప్పుడు

రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉంటే, ఇంతకుముందు ఇష్టమైనవి కూడా చప్పగా అయిపోతే, నిద్రా ఆకలీ తప్పితే, అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఈ అలారాలూ నోట్‌బుక్కులూ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మందులూ కౌన్సెలింగూ పనిచేస్తాయి. చచ్చిపోవాలనిపిస్తుంటే రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే, ఇప్పుడే ఎవరికో ఒకరికి చెప్పండి. కాలు విరిగినవాణ్ని నడిస్తే ఆరోగ్యం అని తరిమితే ఎలా ఉంటుందో, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి ‘నీకేం తక్కువ, సంతోషంగా ఉండు’ అని చెప్పడం అలా ఉంటుంది.

మిగతావాళ్లు రేపటి నుంచే అలారాలు పెట్టుకోవచ్చు. మొదటి రెండు రోజులు మోగినప్పుడల్లా చిరాకేస్తుంది, అబద్ధపు మార్కులు వేస్తారు, నేనూ వేశా, గుళ్లో కూర్చున్నవాడిలా అన్నింటికీ 4. ‘ఎందుకు ఇంకా ఎక్కువ సంతోషంగా లేను’ అని మార్కులు చూసి బాధపడే రకమైతే ఇంకా జాగ్రత్త. సంతోషానికి మరీ ఎక్కువ విలువ ఇచ్చేలా చేస్తే జనం సరదా వీడియో చూసి కూడా తక్కువ ఆనందించారని 2011లో ఒక ప్రయోగంలో తేలింది. అందుకే వారం మధ్యలో వెనక్కి తిరిగి చదవొద్దు. ఆదివారం సాయంత్రం తెరవండి, 4 పడ్డ చోటల్లా పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టండి, పక్కన ఎవరున్నారో చూడండి.